ఒకే స్క్వాష్ మొక్కలో రెండు వైరస్‌లుంటే పక్క మొక్కలకి ఏమవుతుంది?

ప్రశ్న: మేం అమెరికాలో జార్జియాలో ఉంటామండీ. పెరట్లో జుకినీ, పసుపు స్క్వాష్ (రెండూ గుమ్మడి జాతి కూరగాయలే) కలిపి పది మొక్కలు వేశాను. ఒక మొక్కకి ఆకులు మచ్చలు పడి పీలికల్లా సన్నబడ్డాయి, కాయల నిండా బొడిపెలే. ల్యాబ్‌కి పంపిస్తే జుకినీ ఎల్లో మొజాయిక్, వాటర్‌మెలన్ మొజాయిక్ రెండు వైరస్‌లూ ఉన్నాయన్నారు, రెండోది తక్కువేనట. రెండూ పోటీపడి తగ్గిపోతాయిలే, మొక్క ఉంచుదాం అంటున్నారు మావారు. ఉంచొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉంచకండి, ఇవాళే పీకేసి కవర్లో కట్టి పారేయండి. మీవారు అన్నదాంట్లో సగం నిజం ఉందండీ, ఈ రెండు వైరస్‌లూ ఒకే స్క్వాష్ మొక్కలో చేరితే జుకినీ మొజాయిక్ ఎప్పట్లాగే పెరుగుతుంది, వాటర్‌మెలన్ మొజాయిక్ మాత్రం బాగా అణిగిపోతుంది. కానీ ఆకులో తక్కువున్నంత మాత్రాన పక్క మొక్కకి పాకదని కాదు, ఎందుకంటే మోసుకెళ్ళేది పేనుబంక, జుకినీ మొజాయిక్ తగిలిన మొక్క మీదకి అది ఎక్కువగా వస్తుంది, వచ్చినప్పుడు రెండో వైరస్ కూడా దాంతోపాటే వెళ్ళిపోతుంది. 2013లో వచ్చిన ఒక రీసెర్చ్‌లో, జంటగా ఉన్న మొక్కల నుంచి రెండూ బాగానే పాకాయని తేలింది.

అన్ని జంటలూ ఇలాగే ఉండవు. జుకినీ మొజాయిక్‌తో కుకుంబర్ మొజాయిక్ కలిసిందనుకోండి, పోటీ కాదు, ఒకటి రెండోదానికి సాయం. మొక్కకి వైరస్‌ని అడ్డుకునే శక్తి ఉంటుంది కదా, దాన్ని మొదటి వైరస్ దెబ్బతీస్తే రెండోది రెచ్చిపోతుంది, మొక్క గిడసబారిపోతుంది. పైగా కుకుంబర్ మొజాయిక్ తగిలిన స్క్వాష్ వాసనతో పేనుబంకని పిలుస్తుంది, తీరా వచ్చి రుచి చూస్తే నచ్చక అది వెంటనే ఇంకో మొక్క మీదకి ఎగిరిపోతుంది, ఇది అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2010లో చూపించారు. వైరస్‌కి కావాల్సింది సరిగ్గా అదే, ఇది చదివినప్పుడు నాకైతే ఒళ్ళు జలదరించింది.

మందు కొడితే ఆగుతుందా అని అడుగుతారేమో, పేనుబంక కొన్ని సెకన్లు సూదిలాంటి నోరు గుచ్చితే చాలు వైరస్ అంటుకుంటుంది, మందుకి అది చచ్చేలోపే పని అయిపోతుంది. దానికంటే మొక్కల కింద వెండి రంగు మల్చ్ షీట్ పరవడం, పూత వచ్చేదాకా నెట్ కప్పడం మేలు. జబ్బు మొక్కని ముట్టుకున్న చేత్తో, కోసిన కత్తెరతో మిగతావాటి జోలికి వెళ్ళకండి, రసంతో కూడా అంటుతుంది.

ఇంకో మాట, మీ పసుపు స్క్వాష్‌ని నమ్మకండి. కొన్ని రకాల్లో కాయ పిందె నుంచే పసుపు కాబట్టి వైరస్ వల్ల వచ్చే ఆకుపచ్చ మరకలు బయటికి కనపడవు, కాయ బాగుందని మొక్కని వదిలేస్తాం, లోపల వైరస్ ఉండనే ఉంటుంది. అందుకే కాయ కాదు, లేత ఆకులు చూడండి.