పన్నెండు సర్వీసులు, ఒకే డేటాబేస్

ప్రశ్న: మా అప్లికేషన్‌ను రెండేళ్లు శ్రమించి పన్నెండు మైక్రోసర్వీసులుగా (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా) విడదీశాం. డేటాబేస్ మాత్రం ఒకటే. ఇప్పటికీ ప్రతి విడుదలకూ అన్ని టీములూ శనివారం రాత్రి కలిసి కూర్చోవలసి వస్తోంది. కంటిన్యువస్ డిప్లాయ్‌మెంట్ (ప్రతి చిన్న మార్పునూ సిద్ధం కాగానే విడుదల చేసే పద్ధతి) మాకెందుకు సాధ్యపడడం లేదు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చిక్కుముడి ఆ డేటాబేస్‌లోనే ఉంది. పన్నెండు సర్వీసులూ ఒకే టేబుళ్లను నేరుగా చదువుతూ, రాస్తూ ఉన్నంతకాలం ఒక్క కాలమ్ పేరు మార్చినా అన్నింటినీ ఒకేసారి మార్చక తప్పదు. పాత ఇబ్బందులకు తోడు సర్వీసుల మధ్య నెట్‌వర్క్ ఇబ్బందులు అదనంగా వచ్చి చేరతాయి. ఒక టీము తన మార్పును మరో టీము కోసం ఆగకుండా పరీక్షించి విడుదల చేయగలదా అన్నదే డిజైన్‌కు అసలైన పరీక్ష. ఇందుకు సర్వీసులుగా విడదీయడం తప్పనిసరి కాదు: అమెరికాకు చెందిన ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఎట్సీ, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒకే పెద్ద అప్లికేషన్‌ను 2010 తర్వాతి సంవత్సరాల్లో రోజుకు పదుల సార్లు విడుదల చేయగలిగింది. మార్పులు చిన్నవిగా ఉండడం, పూర్తికాని పనిని ఫీచర్ ఫ్లాగ్ (కోడులోని ఒక భాగాన్ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనుక ఆపి ఉంచడం అందుకు తోడ్పడ్డాయి.

అయితే పని తీరిన ఫ్లాగునూ దాని కోడునూ తప్పక తొలగించాలి. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ షేర్ల వ్యాపార సంస్థ ఎనిమిది సర్వర్లలో ఒకదానిపై కొత్త కోడును పెట్టలేదు. పాత ఫ్లాగునే కొత్త పనికి వాడడంతో ఆ సర్వర్‌లో ఎప్పుడో వాడకం మానేసిన కోడ్ మేల్కొని, సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది.

డేటాబేస్ మార్పును మాత్రం విడతలుగా చేయండి. 'ఫోన్' కాలమ్‌ను 'మొబైల్'గా మార్చాలనుకుందాం. మొదట కొత్త కాలమ్‌ను చేర్చండి. తర్వాతి విడుదలలో కోడ్ రెండింటిలోనూ రాయాలి. ఆపై పాత వరుసలను కొత్త కాలమ్‌లోకి నింపి, చదివే కోడును ఒక్కొక్క సర్వీసులో ఆ వైపు మళ్లించి, పాతదానిలో రాయడం ఆపి, దాన్ని ఎవరూ వాడడం లేదని లాగుల్లో (ప్రోగ్రాములు చేసిన పనులు నమోదయ్యే ఫైళ్లలో) నిర్ధారించుకున్నాకే పాతదాన్ని తీసివేయాలి. విడుదలలు పెరిగినట్టు కనిపించినా, పాతదాన్ని తీసివేసేదాకా ప్రతి దశలోనూ పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కనే నడవగలవు కనుక ఏదైనా తేడా వస్తే ఆ ఒక్క అడుగే వెనక్కి వేయవచ్చు. శనివారం రాత్రి జాగారానికి ఇదే నిజమైన విరుగుడు.

సర్వీసులను మళ్లీ కలపాలా, ఇంకా విడదీయాలా అన్న చర్చను కొంతకాలం పక్కన పెట్టండి. ఎక్కువ సర్వీసులు తాకుతున్న టేబుల్‌ను ముందుగా గుర్తించి, దాన్ని ఒకే సర్వీసు చేతికి అప్పగించి, మిగిలినవన్నీ ఆ సర్వీసు ఏపీఐ (ఇతర ప్రోగ్రాములు సమాచారం అడిగేందుకు అది ఇచ్చే నిర్ణీత మార్గం) ద్వారానే సమాచారం తీసుకునేలా చేయండి.