యాన్ స్టేన్ పండగ చిత్రంలో ఆ అబ్బాయి ఎందుకు ఏడుస్తున్నాడంటే

డచ్ చిత్రకారుడు యాన్ స్టేన్ గీసిన ‘సెయింట్ నికోలస్ పండగ’ చిత్రమంతా గందరగోళంగా ఉంది, ఆ అబ్బాయి ఎందుకు ఏడుస్తున్నాడో తెలియలేదు అన్నారు కదండీ. ముందు మధ్యలో ఉన్న పాపను చూడండి. బొమ్మను గట్టిగా పట్టుకుని, చేతులు చాచిన అమ్మకు కూడా ఇవ్వట్లేదు. వెలుగు బాగా పడింది కూడా తన మీదే. ఇప్పుడు చూపు ఎడమకు, ఏడుస్తున్న అబ్బాయి వైపు తిప్పండి. వాడి వెనకున్న అమ్మాయి చేతిలో బూటు కనిపిస్తుందా? ఈ పండగకు మంచి పిల్లల బూట్లలో కానుకలు వస్తాయి, వీడి బూటులో వచ్చింది కొట్టడానికి పుల్లల కట్ట! పక్కన చిన్నోడు వేలు చూపించి మరీ నవ్వుతున్నాడు. అసలు కిటుకు వెనక చీకట్లో ఉంది: తెర దగ్గర అవ్వ రమ్మని సైగ చేస్తోంది. వాడి కానుక అక్కడే దాచిందని నా అనుమానం.