ముందు ఆ రెండు అంకెలు చూడమ్మా

చిరంజీవి అమ్మాయికి,
విజయవాడ నుంచి పెదనాన్న ఆశీస్సులు.

మిర్చి యార్డు దగ్గర కొట్లో నువ్వు పద్దులు చూసే లాప్‌టాప్ బాగా నెమ్మదించిందని, ఇంకో 8 జీబీ ర్యామ్ వేయిస్తే బాగుపడుతుందని ఎవరో అన్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. డబ్బు కట్టే ముందు ఒక్కరోజు ఆగమ్మా.

రేపు పొద్దున ఆన్ చేశాక ఏమీ తెరవకుండా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ (తెరిచిన పనులు పెట్టుకునే జాగా, ర్యామ్ అంటే అదే), డిస్క్ (ఫైళ్లు దాచే చోటు) అని పక్కపక్కనే శాతాలుంటాయి. ఐదు నిమిషాలు వాటినే గమనించు. తర్వాత ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, సీజన్‌లో నువ్వు తెరిచేవన్నీ తెరిచి మళ్లీ చూడు. మెమరీ 90 దాటి అక్కడే ఉండిపోతే ర్యామ్ చాలడం లేదన్నమాట. అది నిండితే విండోస్ కొంత సరుకు డిస్క్ మీద పడేసి, కావాల్సినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. వంటగట్టు ఇరుకై డబ్బా డబ్బాకీ అటక ఎక్కి దిగినట్టు. అప్పుడు ర్యామ్ వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మెమరీ 60 దగ్గరే ఉండి డిస్క్ మాత్రం 100 నుంచి దిగకపోతే, ఎంత ర్యామ్ వేసినా దండగే.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. వన్‌టౌన్ బట్టల వ్యాపారి ఒకాయనకు 4 జీబీని 8 చేసి పంపించాను. మర్నాడే తిరిగొచ్చి, "బిల్లు తెరుచుకోవడానికి నిన్న ఎంతసేపో ఇవాళా అంతేనండీ" అన్నాడు. చూస్తే ర్యామ్ సగం ఖాళీ, పాత హార్డ్ డిస్క్ కరకరమంటోంది. కూలి తిరిగిచ్చేశాను గానీ, చూడకుండా చెప్పానే అన్న బాధ ఇంకా పోలేదు.

నీ దాంట్లో ఉన్నదీ తిరిగే హార్డ్ డిస్కే. అది సెకనుకు 100 ఎంబీ అటూ ఇటూగా చదివితే, తిరిగే భాగాల్లేని ఎస్ఎస్‌డీ డిస్క్, సాటా అనే మామూలు రకమైనా, 500 దాకా చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్ల దగ్గర తేడా ఇంకా ఎక్కువ. నీకు కావాల్సింది ఆ ఎస్ఎస్‌డీయేనని నా నమ్మకం. మార్చే ముందు ట్యాలీ బ్యాకప్ తీసి, వేరే కంప్యూటర్లో తెరుచుకుంటోందో లేదో చూసుకో. రైతుల లెక్కలవి, ఒక్కటి పోయినా ఊరుకోరు.

ఫ్యాన్‌లో మిర్చి దుమ్ము పేరుకుని ఉంటుంది, శుభ్రం చేయించు. వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గుంటూరు ఎండాకాలం సంగతి నీకు తెలిసిందే.

ఒకవేళ ర్యామే కావాల్సి వస్తే, డీడీఆర్3, డీడీఆర్4 అని వేర్వేరు రకాలుంటాయి, డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు, ఏది కావాలో చూసి కొనాలి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది కాబట్టి, నీ మెషీన్ 11కి పనికొస్తుందో లేదో తేలాకే ఏ ఖర్చయినా.

ఆ అంకెలు కనిపించేలా స్క్రీన్ ఫోటో తీసి పంపు. కొట్టుకు సెలవున్న రోజు లాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కు, నేనే విప్పి చూస్తాను.

మీ పెదనాన్న