ఇంట్లో చేసిన అనాస మిల్క్‌షేక్ ఎందుకు చేదెక్కుతుంది? షాపుల్లో ఏం కలుపుతారు?

విశాఖ బీచ్ రోడ్డులో తాగిన సపోటా షేక్ అంత చిక్కగా ఇంట్లో రావట్లేదని, అనాస షేక్ అయితే చేదెక్కి పారబోశానని రాశారు. షాపువాళ్లు ఏదో పొడి కలుపుతారా అని మీ అనుమానం. అదే ఊళ్లో జగదాంబ జంక్షన్ దగ్గర మా మావయ్యకి జ్యూస్ షాపు ఉండేది. డిగ్రీ చదివిన మూడేళ్లూ సాయంత్రాలు అక్కడే పనిచేశాను, అక్కడ చూసిందే చెప్తాను.

మా షాపులో ఏ పొడీ వాడలేదండి. చిక్కదనమంతా గడ్డకట్టిన పాలదే. మావయ్య ఫుల్‌క్రీమ్ పాల ప్యాకెట్లు, అంటే 6 శాతం వెన్న ఉన్నవి, రాత్రే డీప్ ఫ్రీజర్లో పెట్టేవాడు. గిరాకీ రాగానే ప్యాకెట్‌ని బండ మీద నాలుగు దెబ్బలు కొడితే లోపల పాలు పలుకులు పలుకులుగా విరిగేవి. ఆ పలుకులు, పండు, పంచదార. మిక్సీలో పడేవి ఇవే. మీరు మామూలు పాలు పోసి ఐసు ముక్కలు వేస్తున్నారు కదా, ఆ ఐసు కరిగి నీళ్లవుతోంది.

సపోటా కొనేటప్పుడు తొక్కని గోటితో కొంచెం గీకి చూడండి. కింద పచ్చగా కనిపిస్తే అది ముదరని కాయ. ఇంట్లో మెత్తబడినా వగరు పోదు. ఎంత పంచదార వేసినా నాలుక పట్టేసినట్టే ఉంటుంది.

ఇక అనాస. వానాకాలంలో ఏజెన్సీ కొండల నుంచి కాయలు దిగినప్పుడు, ఒకరోజు మావయ్య లేని వేళ నేను ఒక జగ్గు షేక్ ముందుగానే చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. గంట తర్వాత ఒక పెద్దాయన తాగి గ్లాసు అలాగే వదిలేసి వెళ్లిపోయారు. నాకు చాలా బాధేసింది. నోట్లో పోసుకుంటే చేదు, అడుగున విరుగుడు.

అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాలలోని ప్రొటీన్‌ని ముక్కలు చేస్తుంది, మనకి తగిలే చేదు ఆ ముక్కలదే. ముదురు మటన్ ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం చూడండి, అక్కడ జరిగేదీ ఇలాంటిదే. అందుకే సరిగ్గా పండని బొప్పాయితో చేసినా పాలు చేదవుతాయి. కివీ కూడా అంతే.

వేడి తగిలితే ఆ ఎంజైము పనిచేయదు. ముక్కల్ని పంచదార వేసి, రసం బుడగలొచ్చి ముక్క మెత్తబడేదాకా ఉడికించండి. మావయ్య పొద్దున్నే ఒక గిన్నెడు ఉడికించి చల్లార్చి పెట్టేవాడు, సాయంత్రం దాకా అదే. పచ్చి అనాస రుచే కావాలంటే పాలు మానేసి నీళ్లతో జ్యూస్ తీసుకోండి, చిటికెడు ఉప్పు వేస్తే బాగుంటుంది.

బత్తాయిని మాత్రం గింజలతో సహా మిక్సీలో వేయకండి, చేదు దిగుతుంది. చేత్తో తిప్పే మెషీన్లో పిండి వెంటనే తాగాలి, నిలవుంచితే దానికదే చేదెక్కుతుంది.

సువర్ణరేఖ వచ్చే రోజుల్లో మామిడి షేక్ చేస్తే పంచదార ముందే వేయకండి. పండు రుచి చూశాక, కావాలంటేనే వేయండి.