కంట్రోలర్ టిక్కుమంది, బల్బు వెలగలేదు

ప్రశ్న: మాస్టారూ, మా ఇంట్లో నాటుకోళ్లు ఉన్నాయి. పాత ఫ్రిజ్ డొక్కులో ఇంక్యుబేటర్ చేద్దామని ఎస్‌టీసీ-1000 టెంపరేచర్ కంట్రోలర్, 60 వాట్ల బల్బులు రెండు, చిన్న ఫ్యాను కొన్నాను. దాని వెనక 1, 2 నంబర్ల స్క్రూలకి కరెంటు ఇస్తే అంకెలు కనిపిస్తున్నాయి. 5, 6 కి బల్బు వైర్లు రెండూ కలిపాను. లోపల టిక్కుమంటోంది గానీ బల్బు వెలగడం లేదు. అది పాడైందా? 5 కి ఫేజు, 6 కి న్యూట్రల్ ఇస్తే వెలుగుతుందని మా బాబాయ్ అంటున్నారు. విడిగా రిలే కూడా కొనాలా? వైరింగ్ చేయడం ఇదే మొదటిసారి, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నూజివీడు

జవాబు: ముందు బాబాయ్ గారి సలహా పక్కన పెట్టమ్మా. అలా కలిపితే రిలే, అంటే కంట్రోలర్ లోపల తనంతట తానే పడే స్విచ్చు, మూసుకున్న క్షణంలోనే ఫేజు, న్యూట్రల్ నేరుగా కలిసి షార్ట్ అవుతుంది. ఫ్యూజు పోతే అదృష్టమే. పోకపోతే లోపలి కాంటాక్టులు కాలిపోతాయి.

నీ కంట్రోలర్ పాడవలేదు. టిక్కుమంటోందంటే రిలే పనిచేస్తోందనే. కాకపోతే 5, 6 నుంచి కరెంటు రాదు. అవి గోడ స్విచ్చు వెనక ఉండే రెండు స్క్రూల్లాంటివి. మనం వేలితో నొక్కే పని అక్కడ రిలే లోపలి తీగచుట్ట (కాయిల్) చేస్తుంది, అంతే. నేను ఐటీఐలో పాఠం చెప్పేటప్పుడు కుర్రాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘అవుట్‌పుట్’ అన్న మాట వినగానే అక్కడ 230 వోల్టులు ఉంటాయనుకునేవాళ్లు.

ప్లగ్ పూర్తిగా పీకేసి పని మొదలుపెట్టు. స్విచ్చు ఆపితే చాలదు, పాత ఇళ్లలో స్విచ్చు న్యూట్రల్‌లో పడి ఉండటం నేను చాలాసార్లు చూశాను, అప్పుడు ఆపినా ఫేజు వస్తూనే ఉంటుంది. ఫేజు వైరు ముందు 3 ఆంప్స్ ఫ్యూజులోకి, అక్కడి నుంచి 1 కి. 1 నుంచి చిన్న వైరు ముక్కతో 5 కి లూపు ఇవ్వు. నీ దగ్గర లేనిది ఆ లూపే. 6 నుంచి బల్బు హోల్డర్‌కి, హోల్డర్ రెండో కాలు న్యూట్రల్‌కి. అదే న్యూట్రల్ 2 కి. బల్బులు రెండూ పేరలల్‌లో, అంటే ఒక్కోదానికి విడిగా ఫేజు, న్యూట్రల్ అందేలా ఉండాలి. ఫ్యానును మాత్రం రిలే మీద పెట్టకు. అది ఎప్పుడూ తిరగాలి, లేకపోతే పై అరలో వేడి, కింది అరలో చల్లదనం. 3, 4 సెన్సార్‌వి, దానికి ప్లస్ మైనస్ లేవు గానీ 230 తగిలితే కంట్రోలర్ అక్కడితో సరి. 7, 8 చల్లబరిచే పరికరాలకు, నీకు అక్కర్లేదు. ఇదే రూపంలో 12, 24 వోల్టుల రకాలు కూడా అమ్ముతారు కాబట్టి వెనక అంటించిన బొమ్మ, వోల్టేజీ ఒకసారి చదువుకో.

రంగుల దగ్గర జాగ్రత్త. ప్లగ్‌తో వచ్చే కేబుల్‌లో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ–పసుపు ఎర్త్. త్రీఫేజు ఉన్న ఇళ్ల వైరింగులోనేమో నీలం ఒక ఫేజు, నలుపు న్యూట్రల్. అందుకే రంగును నమ్మకుండా మల్టీమీటర్‌ను ఏసీ రేంజ్‌లో పెట్టి చూసుకో.

ఫ్రిజ్ బాడీ రేకు కాబట్టి ఎర్త్ వైరును పెయింట్ గీకి స్క్రూతో బిగించాలి. లోపల తేమ కోసం నీళ్ల గిన్నె పెడతావు కదా, లైనుకు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపే స్విచ్చు) లేకుండా ఈ పెట్టె నడపొద్దు. అది మెయిన్ బోర్డులో పెట్టించే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలెయ్. ఇంకోటి, పాత గ్యాస్ ఇంకా ఉంటే మెకానిక్‌తో తీయించాకే రంధ్రాలు వెయ్. ఈమధ్య ఫ్రిజ్‌లలో వాడే ఆర్600ఏ మండే గ్యాస్. గుడ్లకు గాలి కావాలి కాబట్టి రంధ్రాలు ఎలాగూ తప్పవు. బల్బులు ప్లాస్టిక్ గోడకు తగలకూడదు.

విడిగా రిలే కొననక్కర్లేదు. రెండు బల్బులు కలిపి 120 వాట్లు, అంటే అర ఆంపియర్ చిల్లర. లోపలి రిలే 10 ఆంప్స్ది. 2000 వాట్ల హీటరైతే దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, అప్పుడు కాంటాక్టర్ (ఎక్కువ కరెంటుకు వాడే పెద్ద రిలే) పెట్టమనేవాణ్ణి. షాపులో సాలిడ్ స్టేట్ రిలే (కదిలే కాంటాక్టులు లేని ఎలక్ట్రానిక్ రకం) అంటగడతారేమో చూసుకో. ఆఫ్‌లో ఉన్నా కొంచెం కరెంటు లీకవుతుంది, పాడైనప్పుడు చాలావరకు ఆన్‌లోనే ఉండిపోతుంది.

నిజానికి మామూలు రిలే కూడా ఎప్పుడో ఒకప్పుడు కాంటాక్టులు అతుక్కుని ఆన్‌లో ఉండిపోవచ్చు. బల్బులు ఆరవు, తెల్లారేసరికి గుడ్లు ఉడికిపోతాయి. దీనికోసం తిప్పే మీటతో వచ్చే మెకానికల్ థర్మోస్టాట్ (వేడి మించితే తానే కరెంటు ఆపే స్విచ్చు) ఒకటి బల్బులకు వెళ్లే ఫేజు వైరు మధ్యలో, సిరీస్‌గా పెట్టు. దాని మీది అంకెల్ని పట్టించుకోకు, లోపల థర్మామీటర్ 39 చూపేటప్పుడు ఆగేలా సర్దుకో. నా మటుకు ఇది లేని ఇంక్యుబేటర్‌ను రాత్రిపూట వదిలి పడుకోను.

కంట్రోలర్ సెట్టింగ్‌లో ఎఫ్1 (కావలసిన వేడి) 37.5 డిగ్రీలు, ఎఫ్2 (ఎంత తగ్గితే మళ్లీ వెలగాలో) 0.5. 37కి బల్బు వెలిగి 37.5కి ఆరుతుంది. సెన్సార్‌ను గుడ్ల ఎత్తులో, బల్బు వెలుతురు నేరుగా పడనిచోట వేలాడదీయి. ఖాళీ పెట్టెను ఒక రోజంతా నడిపి, పక్కన జ్వరం చూసే థర్మామీటర్ పెట్టి పోల్చు. తేడా ఉంటే ఎఫ్4లో సరిదిద్దు. గుడ్లు ఆ తర్వాతే.