మందు చాలక కాదు, మాత్ర పడక

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. ఆరేళ్లుగా టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 మాత్రలతో బీపీ 130/80 దగ్గరే ఉండేది. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి సరిగ్గా తినరు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు, పేపర్ కూడా ముట్టుకోరు. మొన్న చూపిస్తే బీపీ 172/100. డాక్టర్ గారు డోసు పెంచారు. ఇంటికొచ్చి చూస్తే డబ్బాలో పాత మాత్రల షీట్లు సగానికి సగం అలాగే ఉన్నాయి. అడిగితే "ఇంకెందుకులేమ్మా" అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొత్త డోసు మొదలుపెట్టకముందే, ఇవాళే, డాక్టరుకు ఈ సంగతి చెప్పండి. మాత్రలు రోజూ పడుతున్నాయనుకునే ఆయన డోసు పెంచారు. ఇప్పుడు మీరు దగ్గరుండి పెంచిన డోసంతా వేయిస్తే బీపీ మరీ దిగిపోయి, మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. వెళ్లేటప్పుడు మిగిలిన షీట్లూ, కొన్న బిల్లూ తీసుకెళ్లండి. నెలకు 30 కొంటే కనీసం 24 పడితేనే మందు క్రమంగా వాడుతున్నట్టు లెక్క.

నాన్నగారిని కోప్పడకండి. మీరు రాసిన నిద్ర, తిండి, ఆసక్తి లేకపోవడం, "ఇంకెందుకు" అన్న మాట, అన్నీ డిప్రెషన్ వైపే చూపిస్తున్నాయి. బీపీ ఎక్కువైనా ఒంట్లో ఏమీ తెలియదు. రేపటి మీదే ఆశ లేనివారికి, రేపెప్పుడో వచ్చే పక్షవాతాన్ని ఆపే మాత్ర ఎందుకో అర్థం కాదు. ఇంకో సంగతి కూడా కనుక్కోండి. ఇన్నేళ్లూ కాఫీతోపాటు మాత్ర చేతికిచ్చింది అమ్మగారేనా? అయితే ఆమెతోపాటు ఆ అలవాటూ పోయింది. ఇకనుంచి ఆ పని ఇంట్లో ఎవరో ఒకరు అందుకోవాలి.

డిప్రెషన్ గురించి కూడా ఆ డాక్టరుకే చెప్పి, అవసరమైతే సైకియాట్రిస్టుకు చూపించండి. "బతకాలని లేదనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆమ్లోడిపిన్ ఎక్కువ మోతాదులో మింగితే ప్రాణానికే ముప్పు. అందుకే షీట్లన్నీ మీ దగ్గరే ఉంచుకుని, ఏ రోజు మాత్ర ఆ రోజే చేతికివ్వండి.

డిప్రెషన్‌కు ఎక్కువగా రాసే సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ సాధారణంగా బీపీని పెంచవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారంలోనే పనిచేయలేదని మానేయకండి. బీపీకి నీరు పోయే మాత్ర కూడా వాడుతుంటే, మొదటి వారాల్లోనే రక్తంలో సోడియం పరీక్ష చేయించాలి. ఈ రెండు మందులూ కలిస్తే పెద్దవయసులో సోడియం తగ్గి తికమక పడవచ్చు. డిప్రెషన్‌కే ఇచ్చే మరో మందు వెన్లాఫాక్సిన్ రాస్తే మాత్రం బీపీని తరచూ చూసుకోవాలి.

టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిపి ఒకే మాత్రగా దొరుకుతాయి, మార్చమని డాక్టర్ని అడగండి. ఒక పూట మరిచిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేయండి. మర్నాడు రెండు వేయకూడదు. ఇంట్లో బీపీ చూసేటప్పుడు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: బీపీ మాత్రల వల్లే డిప్రెషన్ వస్తుందని మా బాబాయి అటెనొలాల్ మానేస్తానంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ భయం పాత మందు రిసర్పిన్ నాటిది. అది సర్పగంధ వేరు నుంచి వచ్చింది. ఆ వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో ప్రచురించాక లోకమంతా పాకింది. 1950లలో పెద్ద డోసులు వాడిన కొందరిలో కుంగుబాటు కనిపించింది. ఇప్పుడు దాన్ని రాయడం చాలా అరుదు. అటెనొలాల్‌తో నీరసం రావచ్చు. అది ఇబ్బందిగా ఉంటే మందు మార్చమని అడగవచ్చు. కానీ ఒక్కసారిగా మానేస్తే గుండె దడ, ఛాతీనొప్పి రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు ఒకటి రెండు వారాల్లో మెల్లగా తగ్గించాలి.