వరద మ్యాప్ గీస్తున్న మేనకోడలికి

పర్లాకిమిడి

అమ్మలూ,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మ్యాప్ ప్రింటు తీయించి చూశాను. వంశధార ఒడ్డు ఊళ్లకు వరద మ్యాప్ గీయాలన్న నీ పట్టుదల నాకెంతో నచ్చింది. కానీ తల్లీ, అందులో నువ్వు సేకరించినదంతా ఉంది. జనానికి కావాల్సింది మాత్రం వెతుక్కోవాల్సి వస్తోంది.

కాశీనగర్ పక్క ఊళ్లో నీళ్లు పెరుగుతున్నప్పుడు ఆ కాగితం ముందు నిలబడ్డ మనిషికి కావాల్సింది ఒక్కటే: ఎక్కడికి పోవాలి, ఏ దారిన పోవాలి. దానికి పనికిరానివన్నీ తీసెయ్. బ్లాకు సరిహద్దులు, పంటల రంగులు, సెల్ టవర్లు ఇంకో మ్యాప్‌లో పెట్టుకో. తీసేయడానికి మనసు రాదు, నాకు తెలుసు. షెల్టర్లు, మునగని దారులు ముదురుగా, లావుగా వెయ్యి. మిగతా రోడ్లు సన్నగా, లేత బూడిదరంగులో ఉంటే చాలు.

నీలం నీళ్లకే వాడు. రోడ్లకు వేస్తే దూరం నుంచి కాలవలనుకుంటారు. మునిగే దారికి ఎరుపు, మునగనిదానికి ఆకుపచ్చ వేశావు. ఆ రెండింటికీ తేడా తెలియని వాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, ఉంటారు. పైగా ఊళ్లలో పంచేది నలుపు తెలుపు జిరాక్సే. అందుకని మునిగే దారిని తెగిన గీతగా చూపించు.

స్కేలు 1:50,000 అని అంకె మాత్రమే రాశావు. జిరాక్స్‌లో కాగితం చిన్నదైతే ఆ అంకె తప్పవుతుంది. 2 సెంటీమీటర్ల గీత గీసి 1 కిలోమీటరు అని రాస్తే, మ్యాప్‌తో పాటు అదీ కుదించుకుంటుంది, లెక్క చెడదు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది వరద గీత. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాప్) మీది కాంటూర్ రేఖను, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతను, పట్టుకుని గీసినట్టున్నావు. ఆ షీట్లలో మామూలుగా రేఖకూ రేఖకూ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. ఏటి ఒడ్డున ఒక ఊరు మునగడానికి అందులో ఎన్నో వంతు చాలు? ఆ రేఖను నమ్మి ఫలానా వీధి మునగదని చెప్పకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఊరి పెద్దవాళ్లనడుగు. గుడి మెట్లు, బడి గోడ, బోరింగు దగ్గర వాళ్లు చూపించిన చోట గుర్తు పెట్టుకో. తక్కువ చోట్ల తెలిస్తే ఆ చోట్లే చుక్కలు పెట్టు, మధ్యలో ఊహించి గీత కలపొద్దు. కింద "2018లో నీళ్లు వచ్చిన చోట్లు" అని రాయి. ఈ ఒక్క పనికి ఎన్ని రోజులు పట్టినా పర్వాలేదు.

రాష్ట్ర సరిహద్దు దగ్గర మ్యాప్ ఆపేసి అవతల తెల్లగా వదిలేశావు. మన ఒడిశా వైపు నుంచి ఆంధ్రాలోని పాతపట్నం ఎంత దగ్గరో నీకు తెలియదా? రోడ్డు తెగితే అటే పోతారు. సరిహద్దు సన్నని గీతగా ఉంచి, అవతలి రోడ్లు, ఆసుపత్రులు కూడా చూపించు.

ఊళ్ల పేర్లు ఒడియాలోనూ తెలుగులోనూ రాయి. ఇంగ్లీషుకు సరిపోయే సైజు మన అక్షరాలకు చాలదు, వత్తులు, గుడులు కలిసిపోతాయి. ఇంకాస్త పెద్దవి చేసి, పంక్తుల మధ్య చోటు వదులు. నది పేరు ఏటి వంపు వెంటే రాయి.

మార్చాక నాకు పంపే ముందు, మ్యాప్‌లు అలవాటు లేని మీ వీధిలో ఒకరికి ఇచ్చి, షెల్టర్‌కు దారి వేలితో చూపించమను. నువ్వు నోరు విప్పకు. ఎక్కడ వేలు ఆగిందో రాసుకుని, ఆ సంగతి కూడా నాకు రాయి.

నీ
మామయ్య